మేస్త్రీ బావ పెంచిన పటిక

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఆ స్ఫటికాన్ని దారిలో పెట్టింది మాత్రం నేనేనయ్యా!" అన్నాడు టైల్స్ మేస్త్రీ, ఒళ్ళో ఉన్న గుడ్డసంచిని రెండు చేతులా పట్టుకుని.

కాలేజీ గేటుకి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఎలక్ట్రీషియన్. ఎదురుగా నిలబడి మరదలు. సంచిలో ఉన్న సీసా ఆమెది. నలభై రోజులు దారానికి కట్టి, పటిక నీళ్ళలో వేలాడదీసి పెంచుకున్న స్ఫటికం కోసం వచ్చింది. ట్రైనింగుకని వెళ్ళాల్సి వచ్చి చివరి పది రోజులూ దాన్ని అక్క ఇంట్లో ఉంచింది. పదకొండింటికి ల్యాబు మేడం పోటీకొచ్చిన అందరి స్ఫటికాలూ చూస్తుంది. ఎవరిది బాగుంటే వాళ్ళకే ల్యాబులో ఖాళీగా ఉన్న ఒక్క ఉద్యోగం.

"బావా, పదిన్నరైంది. ఇలా ఇయ్యి."

"ఇస్తానే తల్లీ, పారిపోతానా! ముందు దీని సంగతి నలుగురికీ తెలియాలి కదా. ఇదిగో తమ్ముడూ, ఈ పిల్ల సీసా నా చేతికిచ్చినప్పుడు లోపలున్నది ఎంతో తెలుసా? ఉసిరికాయంత. 'ముట్టుకోకు బావా' అని చెప్పి మరీ వెళ్ళింది. ఇరవయ్యేళ్ళుగా గోడల మూలలు సరిచూసే మూలమట్టం పట్టినవాణ్ణి, ముట్టుకోకుండా ఎలా ఉంటానయ్యా? బయటికి తీసి చూశా. ఒక అంచు వెంట్రుకవాసి తేడా! చిటికెనవేలితో ఇలా అన్నాను, సర్దుకుంది."

"రాయి సర్దుకుందా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నా చేతికి సర్దుకుంటుంది. అసలు స్ఫటికం అంటే ఏమిటనుకున్నావు? లోపల కంటికి కనపడని రేణువులు, అచ్చం నేను టైల్స్ పరిచినట్టే, ఒకే కొలత, ఒకే వరస, పక్కకీ పైకీ పేర్చుకుంటూ పోతాయి. లోపల వరసని బట్టే బయట ఆకారం. వీటికి ఏడు కుటుంబాలు. మూడు వైపులా కొలత సమానం, మూలలన్నీ మట్టం, అది ఘనం. మీ ఇంట్లో ఉప్పు రవ్వ అదే. రెండు కొలతలే సమానమై మూడోది పొడుగైతే అదొకటి. మూడూ వేరువేరు, మూలలు మాత్రం మట్టం, ఇటుకలాగా, అదొకటి. ఒక మూల పక్కకి వాలిందా, పంచదార. ఏ కొలతా కలవక, ఒక్క మూలా మట్టం లేకపోతే నీలంగా ఉండే మైలుతుత్తం. మా మామగారు కట్టించిన వంటిల్లూ అదే."

"మధ్యలో మా నాన్నెందుకు బావా?"

"వరసలో వచ్చాడమ్మా! ఆరు పలకలది మంచు."

"ఆరే అయ్యాయి," అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"తొందరెందుకు? ఘనాన్ని రెండు ఎదురెదురు మూలలు పట్టుకుని సాగదీస్తే ఏడోది. ఇక మన పటికకి ఎనిమిది ముఖాలు. కాబట్టి దానికి ఎనిమిదో కుటుంబం నేనే పెట్టా!"

"ఎనిమిదోది లేదు బావా. ఘనానికి ఉన్న ఎనిమిది మూలలూ చెక్కుకుంటూ పోతే ఎనిమిది ముఖాలొస్తాయి. పటికది ఉప్పు కుటుంబమే."

"నేనూ అదేగా అంటున్నా! సరే, మూడో రోజుకి కొబ్బరికాయంతైంది. సీసా ఫట్! బకెట్లో వేశాను, తెల్లారేసరికి బకెట్ ఫట్! నీళ్ళ డ్రమ్ములో వేశాను. అప్పుడేమైందో చెప్పుకోండి చూద్దాం? డ్రమ్ముని మోసుకుని నడిచొచ్చినట్టు హాల్లోకి వచ్చేసింది. మీ అక్క ఒక ముఖం మీద బట్టలారేసింది, ఇంకో ముఖం మీద పడుకుంది. ఇంటికి నాలుగు గోడలుంటాయి, మాకు ఎనిమిదయ్యాయి! దీన్ని చూసి వంటింట్లో ఉప్పు డబ్బాకి పౌరుషమొచ్చింది. ఉప్పు రవ్వలు ఒక్కోటి పెట్టెంత అయి, మెట్లు మెట్లుగా పేర్చుకుని అటకెక్కాయి. పంచదార వాలిపోతూ దాని మీద పడింది. ఏడు కుటుంబాలూ మా ఇంట్లోనే కొట్టుకు చస్తున్నాయి! నేను మధ్యలో మూలమట్టం పట్టుకుని నిలబడి, మట్టమున్నవాళ్ళు ఇటు, లేనివాళ్ళు అటు అని అరిచాను. అంతా గప్‌చుప్!"

"అబ్బో!" అన్నాడు టీకొట్టాయన.

"అబ్బో అంటావేంటి, ఏడో రోజున పైకప్పు లేచిపోయింది! కొన ఆకాశంలోకి పోయింది. విమానాలు చుట్టూ తిరిగి వెళ్ళాయి. పొద్దున ఎండ ఒక ముఖంలోంచి లోపలికి వెళ్ళి, దారి తెలియక, సాయంత్రానికి గానీ బయటికి రాలేదు."

ఎలక్ట్రీషియన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంతకీ ఏం పెట్టి పెంచావన్నా?"

"క్యూరింగ్!" తొడ చరిచాడు మేస్త్రీ. "మా పనిలో ఇంతే తమ్ముడూ. కొత్త గచ్చు ఊరికే గట్టిపడుతుందా? నీళ్ళు తాగాలి. దీనికీ అదే చేశా. పెద్ద సీసాలోకి మార్చి, పొద్దునో గ్లాసు, సాయంత్రమో గ్లాసు."

మరదలు ఒక అడుగు ముందుకేసింది.

"పటిక కలిపిన నీళ్ళేనా బావా?"

"కలిపినవెందుకమ్మా? శుభ్రమైన కుళాయి నీళ్ళు..."

మాట పూర్తి కాకముందే ఆమె సంచి లాక్కుంది. మేస్త్రీ అడ్డుపడలేదు. పెద్ద సీసా, నిండా తేటనీళ్ళు, మధ్యలో ఒట్టి దారం ముడి. ఎలక్ట్రీషియన్ నవ్వు ఆగిపోయింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"నలభై రోజులు, బావా! మిగతావాళ్ళంతా లోపల బల్లల మీద పెట్టేసి ఉంటారు. ఇప్పుడు నేనేం చూపించను?"

మేస్త్రీ తల దించుకున్నాడు. "మూణ్ణాలుగు రోజుల్నుంచీ తగ్గుతూ వస్తుంటే నీళ్ళు చాలట్లేదేమో అనుకుని ఇంకా పోశానమ్మా. పొద్దున చూస్తే లేదు. నీకెలా చెప్పాలో తెలియక, భయమేసి, ఏదేదో వాగుతున్నా."

"ఏదేదో కాదు, విమానాల దాకా వాగావు." చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "సరే, సూటిగా అడుగుతున్నా. నా పటిక ఎక్కడుంది?"

"ఆ నీళ్ళలోనే ఉందమ్మా. ఒట్టు, చుక్క కూడా పారబొయ్యలేదు."

ఆమె సీసాని వెలుతురుకి ఎత్తి కాసేపు చూసింది. నీళ్ళు తొణకకుండా గుండెలకి హత్తుకుంది.

"పొద్దుట్నుంచీ నువ్వు చెప్పినదాంట్లో ఇదొక్కటే నిజం. ఈ నీళ్ళు ఆరేకొద్దీ కరిగిన పటిక మళ్ళీ కడుతుంది. లే, లోపలికి పద. నా పటిక ఎక్కడని మేడం కూడా అడుగుతుంది. అప్పుడూ ఇంతే పొట్టిగా చెప్పు."