నామినీ పేరు

మేడమీద బట్టలు కుట్టే గది. అక్క మిషను ముందు కూర్చుని ఉంది. పదకొండేళ్ళ తర్వాత చెల్లెలు ఆ మెట్లెక్కి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరికీ మొగుడైన మనిషి పోయి నెల రోజులు.

“గుమ్మంలో నిలబడకు. వెలుతురు రావట్లేదు, సూదిలో దారం ఎక్కదు నాకు.”

“లోపలికి రమ్మంటావా?”

“నేనెక్కడన్నాను? సర్లే, ఆ స్టూలు మీద లైనింగు గుడ్డలున్నాయి, జరిపి కూర్చో. నలగనీకు.”

“అక్కా, నేనొచ్చింది ఆయన బీమా పాలసీ సంగతి...”

“తెలుసు. ఇవాళ కాకపోతే రేపొస్తావని నెల నుంచీ చూస్తున్నా. లాయరేమన్నాడు?”

“ఇల్లూ కొట్టూ వీలునామాలో నాకే రాశారట. కానీ అవి కోర్టులో తేలాలి. ముందు అప్పులవాళ్ళట, ఆ తర్వాత ఏమన్నా మిగిలితే నేనట.”

“మిగులుతుందా?”

“ఇల్లు తాకట్టులో ఉందని నిన్ననే తెలిసింది నాకు.”

“అయ్యో పాపం. మరి పాలసీ?”

“అది వీలునామా కిందకి రాదట. నామినీగా ఎవరి పేరుంటే డబ్బు తిన్నగా వాళ్ళకేనట. అప్పులవాళ్ళు వేలు పెట్టడానికి కూడా లేదట.”

“ఎవరి పేరుంది?”

“నీకు తెలుసుగా.”

“నీ నోటితో చెప్పు.”

“నీ పేరే.”

“ఏంటీ? మిషను చప్పుడులో వినపడలేదు.”

“నీ పేరే అక్కా! మిషను ఆగే ఉంది.”

“నా పెళ్ళయిన ఏడు తీసుకున్న పాలసీ అది. విడాకుల కాగితాల మీద పేజీ పేజీకీ దగ్గరుండి సంతకం పెట్టించావు. దీని మీద పేరు మార్పించడం మాత్రం మరిచిపోయావు.”

“ఎప్పుడో మురిగిపోయిందనుకున్నా. ఆయన ప్రీమియం కట్టడం మానేశారు.”

“మానేశాడు. నిన్ను తీసుకెళ్ళిన ఏడే మానేశాడు. మరెలా బతికుంది?”

“...నువ్వా?”

“నేనే. ఏటా ఒక్కరోజు ఆలస్యం కాకుండా. కళ్ళద్దాలు మార్చుకోవాల్సిన ఏడు మార్చుకోకుండా కట్టా. ఈ మిషను పాడైన ఏడు చేత్తో కుట్టి కట్టా.”

“ఎందుకక్కా? విడిపోయాక...”

“ఇందుకు! నువ్వా మెట్లెక్కి, ఆ స్టూలు మీద ముడుచుక్కూర్చుని అక్కా అనడానికి. ఆ రోజు కూడా అక్కా అనే అన్నావు. జ్వరంతో పడుంటే సాయానికని పిలిచా నిన్ను. ఇల్లు చూసిపెడతావనుకున్నా. చూసిపెట్టావు, ఇంటాయన్ని.”

“తప్పే. నేను కాదన్నానా?”

“అవునని కూడా అనలేదుగా. పదకొండేళ్ళలో ఒక్కసారి? అమ్మ పోయినప్పుడు ఎదురుపడితే, గోడవైపు తిరిగి నిలబడ్డావు.”

“సిగ్గేసింది.”

“ఆకలేస్తే సిగ్గు పోయిందన్నమాట.”

“నన్ను చెప్పనిస్తావా...”

“చెప్పక్కర్లేదు. డబ్బు వదులుకుంటున్నానని సంతకం పెట్టమంటావు. సగమైనా ఇవ్వమంటావు. చిల్లిగవ్వ రాలదు. ఆ డబ్బుతో ఏం చేస్తానో చెప్పనా? నీ ఇల్లు వేలానికొస్తుందిగా? నేనే పాడతా. నీ కళ్ళముందే తాళం వేస్తా.”

“వేసుకో.”

“ఏమన్నావ్?”

“వేసుకోమన్నాను. నేను అడగడానికి రాలేదు. ఇదిగో, ఆయన డెత్ సర్టిఫికెట్. అసలుది. ఇది లేకుండా ఆఫీసువాళ్ళు నీకు రూపాయివ్వరు.”

“నువ్వు... నాకివ్వడానికొచ్చావా? ఏమిటి దీని మతలబు?”

“మతలబేం లేదు. ఇంకెవరైనా అడ్డొచ్చేలోగా, ఈ వారంలోనే డబ్బుకి అర్జీ పెట్టెయ్యి. ఆలస్యం చెయ్యకు.”

“ఎందుకంత తొందర?”

“నన్నేం అడక్కు.”

“అడుగుతా. ఇటు చూడు. పేరు మార్చడం ఆయన మరిచిపోలేదు కదూ?”

“...లేదు. కంపెనీ వాళ్ళ ఉత్తరాలు కొట్టుకి వస్తూనే ఉన్నాయి, ఆయన పోయాక దొరికాయి. ఎవరు కడితే మనకేం, బతికే ఉందిగా అనుకునుంటాడు. ఆస్పత్రిలో ఉండగా పేరు మార్చే ఫారం తెప్పించుకుని సంతకం పెట్టాడు. కవరు అంటించి, ఆఫీసులో ఇచ్చి రమ్మని నా చేతికే ఇచ్చాడు.”

“ఇవ్వలేదా?”

“బస్టాపులో కూర్చుని విప్పి చూశా. చదివి, అక్కడికక్కడే ముక్కలు చేశా.”

“పిచ్చిదానా! అదిచ్చుంటే ఆ డబ్బంతా నీదేగా! నా పదకొండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరయ్యేవి. చేజేతులా ఎందుకు చింపావే?”

“అందులో ఉన్నది నా పేరు కాదక్కా. ఎవరో ఒకావిడ పేరు. సంబంధం అన్న గడిలో ‘కాబోయే భార్య’ అని రాశాడు.”