తెలుగు రాని మనిషి

కర్ణాటకలోని పేరేసంద్రలో హైవే పక్కన ఒక తెలుగువాళ్ళ ఇల్లు. కోడలు నేత్ర అంగడి నుంచి వచ్చేసరికి, నెట్ సినిమాల కోసం కొత్తగా స్టిక్ తగిలించిన టీవీ ముందు అత్త కూర్చుని ఉంది. చేతిలోని ఫోన్‌లో ఎవరో కన్నడలో మాట్లాడుతున్నారు.

"ఎవరత్తా?"

"స్టిక్ కంపెనీవాళ్ళు. బొమ్మ రాకుంటే నెట్‌లో నెంబరు వెతికి చేసినాను."

"దుడ్డు అడిగినాడా?"

"యాక్టివేషన్‌కని అడిగినాడు. ఏదో యాప్ వేసుకోమంటే వేసుకున్నాను. ఇప్పుడు నేను ముట్టకనే ఫోన్ తెర కదులుతాండాది."

"కంపెనీవాళ్ళు అట్ల అడగరత్తా. వాడు దొంగ. కట్ చెయ్యి."

"కట్ చేస్తే లోపల ఉండేవన్నీ పోతాయన్నాడు. మీ మామ ఫోటోలు దీంట్లో తప్ప ఇంక యాడా లేవు."

"మెల్లగా మాట్లాడు. వింటాండాడు."

"విననీలే. వానికి తెలుగు రాదు. ఇంతసేపూ కన్నడంలోనే మాట్లాడినాడు."

"అయితే నువ్వు వాణ్ణి మాటల్లో పెట్టు. నేను ఈ ఫోన్ పవర్ ఆఫ్ చేస్తాను. నా ఫోన్‌తో బ్యాంకుకు చెప్దాం."

ఫోన్‌లోని గొంతు అచ్చంగా వాళ్ళ తెలుగులోనే పలికింది.

"ఆఫ్ చేయొద్దమ్మా. మీ మామ ఫోటోలు నా ముందరే ఉండాయి."

నేత్ర చెయ్యి చాచేలోపల అత్తే మీట నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది.

"బ్యాంకుకు చెయ్యి నేత్రా."

నేత్ర చేసింది. చాలాసేపు మాట్లాడి పెట్టేసింది.

"ఖాతా ఆపేసినారత్తా. దుడ్డు పోలేదు. ఇంక భయం లేదు."

"వాడు మన ఈ పక్క ఊర్లవాడే నేత్రా. రేపు చిక్కబళ్ళాపుర బస్సులో నా పక్కన కూర్చున్నా నాకు తెలీదు."