నలభై రెండు ఓట్ల వాన

కూర్చో లౌరీ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. ఇద్వల్ రాబర్ట్స్ సంగతులేగా? నీకు సొంత తాత కాదనుకో, మీ నాయనమ్మకి అన్న, అయినా తాతే. ఆయన ఇంటి గోడకి ఫలకం పెడుతున్నారనీ, చిన్న పుస్తకం నీ చేత రాయిస్తున్నారనీ విన్నాను. మంచిది. రాసేదేదో నిజం రాయి. ఈ మాట అందరికీ చెప్పడం నాకు అలవాటు. నలభై ఏళ్లు మెథడిస్టు గుడిలో సంఘపెద్దగా ఉన్నానా, ఆదివారం పని చేయకూడదన్నా బట్టలు ఆరేసినవాళ్లని కూడా వదిలిపెట్టలేదు. మీ నాయనమ్మని కూడా. ఆవిడ తడి దుప్పటి భుజాన వేసుకుని, 'హవెల్, దేవుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, మధ్యలో నీకేం పని?' అంది. సరే, అది వేరే కథ.

ఇద్వల్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాళ్ల నాన్న పలకరాతి గనిలో పనిచేసేవాడు. మా నాన్నా అంతే, ఈ ఊళ్లో అందరి నాన్నలూ అంతే. ఇద్వల్ మాత్రం చదువుకుని బడిపంతులయ్యాడు. ఓసారి ఆయన వ్యాను లైసెన్సు కాగితం ఇంగ్లీషులో వచ్చింది. మన భాష వెల్ష్‌లో పంపమని తిప్పికొట్టాడు. మళ్లీ ఇంగ్లీషులోనే వచ్చింది, మళ్లీ తిప్పికొట్టాడు. పోస్టుమాన్‌ని నేనే కదా, ఆ కొండ ఎక్కలేక చచ్చేవాణ్ణి. 'ఓ సంతకం పడేయరాదూ ఇద్వల్, నా మోకాళ్లు అరిగిపోతున్నాయి' అన్నాను. 'నీ మోకాళ్ల కోసం దేశాన్ని వదులుకోమంటావా?' అన్నాడు. చివరికి లైసెన్సు లేని బండి నడిపాడని నెల రోజులు జైల్లో పెట్టారు. వాళ్లమ్మ చూడ్డానికి వెళ్లి, ఏడుస్తుందేమో అనుకుంటే, 'చొక్కాకి ఇస్త్రీ లేదేంరా?' అని అడిగిందట. బయటికొచ్చి పార్లమెంటుకి నిలబడ్డాడు. మన భాషా మన దేశమూ అంటూ పుట్టిన మన పార్టీ అంటే అప్పట్లో జనానికి నవ్వులాట. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. మొదటిసారి ఓడాడు, రెండోసారీ ఓడాడు, మూడోసారీ ఓడాడు, కాని మూడోసారికి ఎవరూ నవ్వలేదు. నాలుగోసారి గెలుస్తాడనే అనుకున్నాం. గని మూతపడుతోంది, బడి కూడా మూసేస్తామంటున్నారు, లండన్‌లో మన గోడు చెప్పేవాడు లేడు. 'ఇదే ఆఖరు హవెల్, ఈసారి ఓడితే ఇంక నిలబడనని మా ఆవిడకి మాటిచ్చాను' అన్నాడు.

ఎన్నికల ముందు శనివారం. మూడింటికి మన ఊరి హాల్లో సభ, అయిదింటికి కొండ అవతల సంత ఊళ్లో, ఆరుబయట. మనవాళ్లు ఎలాగూ ఆయనకే వేస్తారు, మనకి సభే అక్కర్లేదు. పెట్టకపోతే మాత్రం అలుగుతాం. సంత ఊరివాళ్లే ఎటూ తేల్చుకోలేదు. ఆయన వాళ్లతో మాట్లాడ్డానికి ఆ ఒక్క సాయంత్రమే ఉంది. మన హాల్లో బాగా మాట్లాడాడు, నాలుగింటికల్లా ముగించాడు. ముగింపు కీర్తన ఎత్తింది నేను. మన గుడిలో పాట ఎత్తేది నేనేగా. ఇటుపక్క మెథడిస్టులం, అటుపక్క ఇంకో గుడివాళ్లు బాప్టిస్టులు, వాళ్లకి పాట ఎత్తేవాడు మాంసం మైరిగ్. గొర్రెమాంసం కొట్టు వాడిది. గొంతు మాత్రం, ఒప్పుకోక తప్పదు, బంగారం. పాట కుదిరితే చివరి చరణం మళ్లీ ఎత్తుకోవడం మన అలవాటే కదా. ఒకసారి ఎత్తాను. అయిపోయింది, అందరూ టోపీలు తీసుకుంటున్నారు, అటునుంచి మైరిగ్ ఎత్తాడు. బాప్టిస్టులు పాడి ముగిస్తే మెథడిస్టులు విని ఇంటికి పోవాలా? నేనెత్తాను. వాడెత్తాడు. నేను ఇంకాస్త నెమ్మదిగా, సాగదీసి ఎత్తాను, భక్తి ఎక్కువని తెలియాలిగా. ఇద్వల్ వేదిక మీద టోపీ చేతిలో పట్టుకుని నిలబడి పాడుతూనే ఉన్నాడు. దేవుడి పాట నడుస్తుంటే బయటికి పోయినవాడికి ఈ ఊళ్లో ఒక్క ఓటు పడదు. గడియారం చూశాడు, నా వంక చూశాడు. నాకు కనపడింది లౌరీ. కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తాను. తొమ్మిదిసార్ల దాకా లెక్క గుర్తుంది, ఆ తర్వాత గుర్తులేదు. చివరికి ఆరు కావస్తుండగా మైరిగ్‌కి దగ్గొచ్చింది. గెలిచాననుకున్నాను.

ఆయన సంత ఊరు చేరేసరికి ఏడు కావస్తోంది. మైదానం ఖాళీ. ఒక ముసలమ్మ మాత్రం కోడిగుడ్ల బుట్ట సర్దుకుంటూ, 'ఓట్లడగడానికే రానివాడివి, గెలిచాక వస్తావా నాయనా?' అందిట. నలభై రెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

అందరూ వాన వల్ల అంటారు. వాన పడిందిలే, కాదనను. కానీ వానకి ఇంటికి పోయేవాళ్లయితే ఈ దేశంలో ఒక్క సభా జరగదు. జనం రెండు గంటలు చూసి చూసి పోయారు. ఫలితం వచ్చిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. 'ఇద్వల్, ఆ శనివారం...' అన్నానో లేదో, 'వానోయ్ హవెల్' అన్నాడు. 'వాన పడింది, జనం వెళ్లిపోయారు. ఎవరడిగినా అదే చెప్పు.' నాకు అయిదు గజాల దూరంలో నిలబడి అంతా చూసినవాడు. నా కోసం ఆ మాట కల్పించి చేతిలో పెట్టాడు. నేను, ఊరికంతా నిజం చెప్పండని నీతులు చెప్పేవాణ్ణి, దాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. ఆ ఆదివారమే అబద్ధాలాడే పిల్లల మీద అరగంట మాట్లాడాను, బాగా మాట్లాడానని అన్నారు కూడా.

భార్యకిచ్చిన మాట ప్రకారం ఆయన మళ్లీ నిలబడలేదు. బడి మూసేశారు. ఆయన పోయినప్పుడు పాట ఎత్తమని మీ నాయనమ్మ నన్నే అడిగింది. చివరి చరణం ఒక్కసారే పాడించాను. మైరిగ్ నా వంక చూశాడు. వాడూ మళ్లీ ఎత్తలేదు.

రాశావా? ఏదీ, చదువు.

'సభలో పాట కొంచెం ఎక్కువసేపు సాగడం వల్ల'...

ఎవరు సాగదీశారో రాయి. పేరు పెట్టు. ఆ 'కొంచెం' కొట్టేయ్.