ఆగిపోయిన లారీ గురించి నాలుగు మాటలు

సభాధ్యక్షులు, మన ఎండీ చంద్రకాంత్ గారికి, కప్పిన శాలువాను ఎప్పుడు తీసేద్దామా అని చూస్తున్న వెంకటేశం సార్‌కి, ముందు వరుసలో ఉన్న సార్ సతీమణి ఇందిరమ్మగారికి, ముత్తంగి గోదాము నుంచి వచ్చిన పెద్దలకు, రెండు షిఫ్టుల మిత్రులకు నమస్కారం.

నాకు మైకు అలవాటు లేదు. అసలు ఈ ప్రసంగం డిస్పాచ్ చూసే ప్రవీణ్ గారు చేయాలి. మధ్యాహ్నం వెంకటేశం సార్ "ఆ పిల్లనే మాట్లాడమనుండ్రి" అన్నారట. అందుకే ప్రవీణ్ గారు మైకు నా చేతికి కొంచెం గట్టిగానే ఇచ్చారు. (నవ్వులు)

మీలో చాలామందికి నా మీద కోపంగా ఉందని తెలుసు. మన దగ్గర ఎవరు రిటైరైనా ఆ రోజు వెళ్లే లోడుకు బంతిపూల దండ వేస్తాం. వెళ్లిపోయే మనిషి గేటు దగ్గర కొబ్బరికాయ కొడతారు, లారీ కదులుతుంది, అందరం చప్పట్లు కొడతాం. ఈ రోజు దండ వేసిన లారీ అక్కడే నిలబడి ఉంది. సార్ ప్రొడక్షన్ మేనేజర్‌గా చేయించిన ఆఖరి లోడు అది. దానికి ఎర్ర ట్యాగు కట్టి ఆపింది క్వాలిటీ విభాగంలో ఉన్న నేనే.

కారణం చిన్నది. మనం చేసేవి ట్రాక్టర్ బ్రేకు పైపులు. ఉదయం పరీక్షకు తీసిన వాటిలో ఒక పైపు అతుకు దగ్గర నూనె చెమ్మ కనిపించింది. ప్రవీణ్ గారు పరుగెత్తుకొచ్చి, "మేడం, సార్ మీద మీకేమన్న పగ ఉందా ఏంది? ఇయ్యాల్నే దొరికిందా ఆపనీకి? పూలు గూడ వాడిపోతున్నయ్" అన్నారు. చంద్రకాంత్ గారు కూడా వచ్చి చాలా మర్యాదగా, "ఏదైనా మార్గం ఉందా, నిషితా?" అని అడిగారు. క్షమించండి సార్, ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయం వేసింది. (నవ్వులు)

చివరికి వెంకటేశం సార్ వచ్చారు. పైపును చేతిలో తిప్పి చూసి, "ఇంకోసారి చూస్తవా, బిడ్డా?" అన్నారు. ఆయన అలా అడగడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ లారీ వెళ్లాలని ఆయనకు ఎంత ఉందో అప్పుడు అర్థమైంది. కొత్త పైపు తీసి మళ్లీ పరీక్ష పెట్టాను. ఆయన పరీక్ష గది బయటే ఆగిపోయారు. తలుపు అద్దంలోంచి ఆయన భుజం కనిపిస్తూనే ఉంది. స్కూల్లో సిస్టర్లు నేర్పిన ప్రార్థన నా పెదవుల దాకా వచ్చింది. పైపు అతుకు మీదికి నూనె బొట్టు కూడా వచ్చింది.

బయటికి వెళ్లి, "అతుకు వేసిన తీరులోనే ఏదో తేడా ఉందని అనుమానం, సార్. ఎన్ని పైపుల్లో ఉందో ఇంకా తెలియదు" అన్నాను.

"అనుమానమున్నంక ఎట్ల పంపుతం? ట్రాక్టర్ మీద కూసునేటోడు నీకు నాకు తెల్వకపోవచ్చు. ఆపు" అన్నారు. అని చాయ్ తాగడానికి వెళ్లారు. చాయ్ సగం కప్పులోనే వదిలేశారని క్యాంటీన్ చంద్రకళక్క చెప్పింది.



నేను ఆపగలిగింది నా ధైర్యంతో కాదు. నేను చేరిన కొత్తలో క్వాలిటీ విభాగం సార్ కిందే ఉండేది. నా జీతం పెంచాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉండేది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఎండీ గారి గదికి వెళ్లి, "సార్, ఈ పిల్ల జీతం నా చేతుల ఉంటే, నా మాల్ మంచిగ లేదని నా మొకం మీద ఎట్ల చెప్తది? ఈ సెక్షన్ నా కింద వద్దు. మీరే చూసుకోండ్రి" అన్నారు. చంద్రకాంత్ గారు ముందు అది రాజీనామా అనుకుని కుర్చీలోంచి లేచారు. (నవ్వులు) ఆ తర్వాత నేను హోల్డ్ పెట్టి సరుకు ఆపినప్పుడల్లా సార్ విసుక్కున్నారు, వాదించారు, ఒకసారి టోపీ తీసి బల్ల మీద కొట్టారు కూడా. కానీ నా ట్యాగు మీద ఎన్నడూ చేయి వేయలేదు. మేనేజ్‌మెంట్ పుస్తకాలు నేను కొన్ని చదివాను. అధికారం ఎలా సంపాదించాలో వాటిలో చాలా పేజీలు ఉన్నాయి. ఏ అధికారం తన దగ్గర ఉండకూడదో తెలుసుకుని, అడగకముందే దాన్ని వదిలేయడం మాత్రం నేను ఈయన దగ్గరే చూశాను.

సభ మొదలయ్యే ముందు ఇందిరమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "లారీ ఆపింది నువ్వేనా, బిడ్డా?" అన్నారు. తిడతారేమో అనుకుంటూనే తలూపాను. "ఇన్నేండ్ల సంది ఈ మనిషిని ఆపుదామంటే నాతోని కాలే. ఎట్ల ఆపినవో నాకు జెర చెప్పి పో" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

అమ్మా, ఆయన ఆగుతారు. కారణం చూపించాలి, అంతే.

దండను ఖాళీ లారీకైనా వేసి గేటు దాటిద్దామని ఇందాక ఎవరో అన్నారు. సార్ వద్దన్నారు. నేను కూడా వద్దనే అంటున్నాను. ఈ సభ అయ్యాక మనం గేటు దగ్గరికి వెళ్లడం లేదు. పెట్టెలు దించడానికి నలుగురు కావాలి. సార్, మీరు లేవకండి, ఆ పని మాది. (నవ్వులు)

ప్రతి పైపునూ పరీక్షించి, బాగాలేనివి తీసేసి, లోడు మళ్లీ కడతాం. ఆ రోజు మీకు ఫోన్ చేస్తాను. మీ ఊరు గుమ్మడిదల నుంచి వచ్చి కొబ్బరికాయ మీరే కొట్టాలి. మీరు వచ్చాక కూడా ఒక్క బొట్టు కనిపిస్తే లారీ కదలదు, ఇంకోసారి రావాల్సి ఉంటుంది.

మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను సెలవు తీసుకుంటున్నాను. మీకు మాత్రం ఈ రోజు వీడ్కోలు చెప్పడం లేదు, సార్. మీ లోడు ఇంకా మా దగ్గరే ఉంది.