బ్రిజిడ్ ఇంట్లో పులిహోర డబ్బా

పిస్కాటవేలో ఫిబ్రవరి ఆదివారం, బయట మోకాలి లోతు మంచు. భోజనాలయ్యాక, రిటైరైన కెమికల్ ఇంజనీరు వాసుదేవరావు గారు కిందటి సెప్టెంబరులో తీసిన ఐర్లండ్ ఫొటోలు టీవీలో వేసి, పక్కవీధి నళినిని సోఫాలో కూర్చోబెట్టారు. ఆయన భార్య జానకీదేవి గారు వంటింట్లో ఉన్నారు గానీ, ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు, కాబట్టి ఏ మాటా దాగదు.

"అంకుల్, ఇందులోనూ రైలు లేదు."

"ఉండదమ్మా. పట్టాలు పీకేసి యాభై ఏళ్ళు దాటింది."

"మరి ఫొటో ఎందుకు తీశారు? ఉత్త పొలం."

"ఉత్త పొలం కాదు, సరిగ్గా చూడు నళినీ. పొలాలు వంకరటింకరగా ఉన్నాయి, వాగు వంకరగా ఉంది, గోడలూ వంకరే. మధ్యలోంచి ఆ గట్టు ఒక్కటే సూటిగా పోతోంది చూశావా? అదే లైను. పట్టాలు పోయినా నేల మర్చిపోలేదు."

"నేల మర్చిపోలేదు, ఈయన నన్నూ మర్చిపోనివ్వరు. నళినీ, ఆ గట్టు మీద గొర్రెలు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి ఆంటీ."

"ఆ గొర్రెల వెనకాల గొడుగు పట్టుకున్న ఆవిణ్ణి నేనే. ఎవరైనా రైలెక్కి ఊళ్ళు చూస్తారు. లేని రైలు కోసం విమానమెక్కి వెళ్ళింది మేమొక్కళ్ళమే."

"కానీ ఎంత పచ్చగా ఉందో ఆంటీ."

"ఎందుకుండదూ? రోజూ అలా తడిపితే మా బాత్‌రూమ్ గోడ కూడా పచ్చగానే ఉంటుంది."

"జానకీ, ఆ పూట ఎండ కూడా వచ్చింది. చెరువు మీద పొగమంచు విడిపోతుంటే నువ్వే అన్నావు, ఇక్కడే ఉండిపోవచ్చు అని."

"కాళ్ళు నొప్పులు పుట్టి అన్నాను. నళినీ, కాఫీ కలిపాను, వచ్చి పట్టుకెళ్ళు. ఈయన కప్పులో చక్కెర వెయ్యలేదు, మార్చెయ్యకండి."

"వస్తున్నా. ఆంటీ, ఈ సీసా మీద బ్లాక్‌బెర్రీ అని ఉంది, లోపల గోంగూరలా ఉందే?"

"అది ముట్టుకోకు. నీకు వేరే డబ్బాలో తీసి పెట్టాను."

"మరి ఇదెవరికి?"

"కాఫీ చల్లారిపోతుంది, వెళ్ళు."

"ఇదిగో అంకుల్, మీది."

"థాంక్సమ్మా. ఇలా దగ్గరగా కూర్చో. ఇది వంతెన. కింద రోడ్డు మూసేశారు, మీద లైను ఎత్తేశారు, అయినా రాయి కదల్లేదు... నళినీ, నేను చెప్పింది అడిగావా?"

"ఇంకా లేదంకుల్. ఎలా మొదలుపెట్టాలో తెలీటం లేదు."

"నాలుగింటికి మా తమ్ముడు కృష్ణమోహన్ ఫోన్ చేస్తాడు. ఆలోగా తేలిపోవాలి."

"ఇక్కడికి వినిపిస్తోంది."

"దాపరికం ఏముంది జానకీ? మేలో కృష్ణమోహన్, గిరిజ అలాస్కా క్రూజ్‌కి వెళ్తున్నారు, మనల్నీ రమ్మన్నారు, ఇవాళ ఔనో కాదో చెప్పమన్నారు. అదే చెప్తున్నాను."

"అదొక్కటేనా?"

"అదే... మేలో ఐర్లండ్‌లో ముళ్ళపొదల కంచెలన్నీ తెల్లగా పూస్తాయట. ఆ మాట కూడా అన్నాను."

"ఆంటీ, నేనే చెప్పేస్తాను. అంకుల్‌కి క్రూజ్ వద్దు, మేలో మళ్ళీ ఐర్లండ్ వెళ్ళాలని ఉంది. మీరు రాకపోతే వెళ్ళరట. మిమ్మల్ని ఒప్పించమని నన్ను పిలిచారు."

"గుత్తి వంకాయ చేయించింది అందుకా?"

"జానకీ, నా మోకాళ్ళు చూస్తున్నావుగా. డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు. ఈ ఏడాది గట్లెక్కగలను, పై ఏడాది సంగతి చెప్పలేను."

"అదేదో నాతో అనొచ్చుగా? ఈ ఇల్లు కొనేటప్పుడు గిరిజతో అడిగించారు. రిటైరవుతున్నానని నిశాంత్‌తో చెప్పించారు. కన్న కొడుకు ఫోన్ చేసి, అమ్మా, నాన్న ఉద్యోగం మానేస్తున్నారు, నీకు ఓకేనా అని అడిగాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను నళినీ."

"అంకుల్, ఇది మాత్రం..."

"నువ్వు కాదంటావేమోనని భయం."

"ఎన్నిసార్లు కాదన్నాను?"

"ఎప్పుడూ కాదనలేదు. అయినా భయమే... తర్వాత ఫొటో చూద్దాం."

"ఇదేదో బాగుందే. ఇదెవరిల్లు?"

"ఇల్లు కాదమ్మా, స్టేషను. గోడ మీద బోర్డు కూడా ఉంది చూడు. ఈ ప్లాట్‌ఫారం ఉందే..."

"మీరాగండి, నేను చెప్తాను. ఈయన చెప్తే ప్లాట్‌ఫారం పొడవు దగ్గరే చీకటి పడుతుంది. నళినీ, తలుపు బార్లా తీసి ఉంది. ఈయన మ్యూజియం అనుకుని చక్కా లోపలికి నడిచారు. నేను గుమ్మంలో బూట్లు విప్పి వెనకాలే వెళ్ళాను. లోపల పెద్ద గడియారం, లాంతరు, ఎర్రజెండా, పచ్చజెండా. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ వంటింట్లోకి కూడా వెళ్ళిపోయారు. అక్కడ ఒకావిడ బంగాళాదుంపలకి చెక్కు తీస్తోంది."

"పాతకాలం వంటిల్లు ఎలా ఉండేదో చూపించడానికి పెట్టారనుకున్నాను నళినీ. ఇక్కడి మ్యూజియాల్లో మనుషుల్ని పెడతారు కదా, వేషం వేసి."

"ఆవిణ్ణి ఫొటో తీశారు."

"ఆవిడ నవ్వింది కూడా."

"ఫొటో తీసుకుని, చాలా సహజంగా ఉందండీ అని మెచ్చుకుని, ఎన్నింటికి క్లోజ్ చేస్తారు అని అడిగారు. ఆవిడ కాస్త ఆలోచించి, నాకు నిద్రొచ్చినప్పుడు, అంది."

"అయ్యో అంకుల్."

"తప్పు నాదే. బోర్డు చూసి మోసపోయాను."

"నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సారీ చెప్పి ఈయన్ని బయటికి లాక్కొస్తుంటే, ఆవిడ గుమ్మంలో నా బూట్లు చూసింది. మ్యూజియానికి వచ్చినవాళ్ళెవరూ ఇలా విప్పరు, ఇంటికొచ్చినవాళ్ళే విప్పుతారు, కూర్చోండి అని టీ పెట్టింది. పేరు బ్రిజిడ్. వాళ్ళ నాన్నే ఆ స్టేషన్ మాస్టరట. లైను ఎత్తేశాక ఆ ఇల్లు వాళ్ళే కొనుక్కున్నారు. ఇప్పుడు ఒక్కతే ఉంటుంది."

"మీ నాన్నగారు కూడా స్టేషన్ మాస్టరే కదా ఆంటీ?"

"గుంటూరు-మాచర్ల లైన్లో. గోడకి అటు ప్లాట్‌ఫారం, ఇటు మా వంటిల్లు. రైలొస్తే గిన్నెలన్నీ గలగలలాడేవి. ఆ చప్పుడు లేని చోటికి పోవాలనే ఇంజనీరు సంబంధం అనగానే సరేనన్నాను. ఈయనకి రైళ్ళ పిచ్చి ఉందని ఎవరూ చెప్పలేదు."

"పెళ్ళిచూపుల్లోనే చెప్పాను. మీ నాన్నతో రెండు గంటలు రైళ్ళ గురించే మాట్లాడాను."

"మా నాన్నతో చెప్పారు. నాతో చెప్పలేదు. నేననేది కూడా అదే."

"సరే ఆంటీ, బ్రిజిడ్‌తో ఏం మాట్లాడారు?"

"ఏవో ఆడవాళ్ళ మాటలు."

"ఆడవాళ్ళ మాటలా? నేను గూడ్స్ షెడ్డు చూసి, నీళ్ళ ట్యాంకు చూసి, వంతెన దాకా నడిచి తిరిగొచ్చినా ఇద్దరూ అక్కడే కూర్చుని నవ్వుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు."

"ఆపలేదు, తగ్గించాం. నళినీ, వాళ్ళ నాన్న కూడా మా నాన్నలాగే, రైలు ఆలస్యమైతే ఇంట్లో అందరి మీదా విసుక్కునేవాడట. వాళ్ళమ్మ కూడా సిగ్నల్ పడిందో లేదో కిటికీలోంచి చూసి పొయ్యి మీద గిన్నె పెట్టేదట. అంత దూరం వెళ్ళి మా అమ్మ సంగతి ఇంకొకరి నోట విన్నాను. నాకైతే లేవబుద్ధి కాలేదు."

"ఈ మాట నాకు చెప్పలేదే జానకీ?"

"మీరు గూడ్స్ షెడ్డులో ఉన్నారు."

"మరి ఆవిడ తినడానికేం పెట్టింది ఆంటీ?"

"నేనే పెట్టాను. పొద్దున్నే మేం దిగిన బి అండ్ బి గదిలో రైస్ కుక్కర్‌లో అన్నం వండి, ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పులిహోర పులుసు కలిపాను. మిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే ఆవిడ నమిలేసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ వడ్డించమంది. వచ్చేటప్పుడు జామ్ సీసా చేతిలో పెట్టింది. నా డబ్బా మాత్రం అక్కడ ఉండిపోయింది."

"వచ్చేసింది డబ్బా. ఇంతసేపూ ఎందుకు రాలేదా అనుకుంటున్నాను."

"మా అమ్మ పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు డబ్బా నళినీ. ఈయన ఇంకో రెండు స్టేషన్లున్నాయి, పొద్దుపోతోందని కార్లో కూర్చుని హారన్ కొడుతున్నారు."

"వెనక్కి తిప్పుతానన్నాను కదా? నువ్వే వద్దన్నావు."

"పొద్దుపోతోందన్నారుగా."

"బ్రిజిడ్ క్రిస్మస్‌కి ఫోన్ చేసి పోస్ట్‌లో పంపిస్తానంది. దానికీ వద్దన్నావు."

"సొట్టలు పడతాయి."

"చూశావా నళినీ? ఆ డబ్బా పాపం నాకే చుట్టుకుంది. ఇంక ఈవిడ ఐర్లండ్ పేరెత్తితే ఎందుకొప్పుకుంటుంది?"

"అంకుల్, మీ ఫోన్ మోగుతోంది."

"కృష్ణమోహనే. నళినీ, నువ్వొక్క మాట ఆంటీని..."

"నేనడగను అంకుల్. ఆంటీ మీ ఎదురుగానే ఉన్నారు."

"జానకీ."

"చెప్పండి."

"ఫోన్ మోగుతోంది."

"వినపడుతోంది. ఇంకేమైనా చెప్పాలా?"

"మేలో నాతో ఐర్లండ్ వస్తావా? రోజుకి ఒక్క స్టేషనే. వాన పడితే అదీ వద్దు. నడవలేకపోతే నీ చెయ్యి పట్టుకుంటాను. నువ్వు లేకుండా అది ఉత్త పొలమే జానకీ. నాకు తెలుసు."

"ఫోనిలా ఇవ్వండి."

"కాదంటావా?"

"ఇవ్వండి ముందు. హలో, కృష్ణమోహన్ గారూ... ఆఁ, బాగున్నాం. మీ అన్నయ్య గారు ఇక్కడే ఉన్నారు, నోట మాట రావటం లేదు. గిరిజకి చెప్పండి, క్రూజ్‌కి మేం రావట్లేదు... లేదండీ, మేలో బ్రిజిడ్ ఇంటికి వెళ్తున్నాం... ఆఁ, ఆ స్టేషన్ ఆవిడే. పైన గది ఖాళీ చేసి పెడతానంది. క్రిస్మస్‌కే మాటిచ్చేశాను... ఉంటాను."

"క్రిస్మస్‌కే మాటిచ్చావా?"

"ఇచ్చాను. ఆ సీసా గోంగూర ఆవిడకే. జామ్ సీసా ఖాళీగా ఎలా తిరిగిస్తాం?"

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? నేను నిద్ర లేకుండా..."

"మీరు అడిగితే కదా చెప్పడానికి? ఇవాళ అడిగారు, చెప్పాను."

"ఆంటీ, నాదొక్క డౌట్. పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడు రెస్ట్ ఏరియాలో మీ చెంచా ఉండిపోయిందని మా ఆయన అనూప్ చేత గంటసేపు వెనక్కి డ్రైవ్ చేయించారు. ఇప్పటికీ చెప్తాడు."

"చెంచా కాదు, గరిటె."

"గరిటె కోసం గంట వెనక్కి వెళ్ళినవాళ్ళు, అమ్మగారి డబ్బా ఎలా మర్చిపోయారు?"

"మర్చిపోయానని నేనెప్పుడన్నాను నళినీ? కడిగి, తుడిచి, బ్రిజిడ్ వంటింట్లో పై అరలో నేనే పెట్టొచ్చాను."