మూడో అరలో మల్లె సీసా

హనుమకొండ బజారులో సెంటు దుకాణం. దాని వెనక వంటింట్లో కోడలు సావిత్రి, మామ వీరభద్రం.

“ఇంకోసారి వాసన చూడుండ్రి మామయ్యా. పొద్దున చేసిన సబ్బులకు ఘాటు సరిపోయిందంటె, ఈ విడతకు గూడ అంతే కలుపుత.”

“చూసిన గదా బిడ్డా. మల్లె. మంచిగున్నది.”

“ఎక్కువైందేమో?”

“లేదు లేదు. పెండ్లిపిల్ల నలుగు స్నానానికి ఇంతకన్న ఏం కావాలె?”

“ఈ బిళ్లే గదా మీరు చూసింది? ఇడ్లీ ప్లేటు నుంచి తీసింది?”

“ఎన్నిసార్లు అడుగుతవ్ సావిత్రీ? నలభై ఏండ్ల సంది సెంట్లు అమ్ముతాన. వీరభద్రం ముక్కంటె ఈ బజార్ల...”

“దాంట్ల సెంటు పొయ్యలె మామయ్యా.”

“ఏంది?”

“సబ్బు గడ్డ కరిగినంక, గట్టిపడుతదా లేదా అని సెంటు కలపకముందే ఒక్క బిళ్ల పోసి చూసిన. అదే ఇది.”

“నీకు జలుబు. నీకేం తెలుస్తది?”

“జలుబు కాబట్టే మిమ్మల్ని అడిగిన.”

“నాక్కూడ జరంత పట్టినట్టున్నది.”

“నిన్న పాలు మాడి గిన్నె నల్లగైంది. మీరు పొయ్యి పక్కనే కూసున్నరు.”

“పేపర్ చదువుకుంట...”

“ఎన్ని రోజుల సంది?”

“పవన్‌కు చెప్పకు.”

“మీ కొడుక్కు చెప్ప. ఎన్ని రోజుల సంది మామయ్యా?”

“కరోనా వచ్చిపాయె గదా. జరం తగ్గింది. వాసన తిరిగి రాలె.”

“అన్నేండ్లా? మరి దుకాణం ఎట్ల నడుపుతాండ్రు?”

“సీసాల మీద చీటీలు ఎన్నడన్న చూసినవా? నా ముక్కే చీటీ అని మురిసేటోన్ని. ఇప్పుడు నా చెయ్యే చీటీ. ఏ అరల ఎన్నోది ఏందో చేతికి ఎరుక. మూత తీసి గిరాకి మొఖం చూస్త. మొఖం వెలిగితె అదే.”

“దవాఖానకు పోయిండ్రా?”

“పోయిన. ఆగి చూద్దామన్నడు. నలుగురికి తెలిస్తె దుకాణం మెట్టు ఎవరెక్కుతరు బిడ్డా? గుడ్డి దర్జీకి ఎవరన్న బట్టలిస్తరా?”

“పొద్దున సబ్బులకు మీరిచ్చిన సీసా ఏ అరలది?”

“మూడో అర, ఎడమ దిక్కు రెండోది. మల్లె ఎప్పుడూ ఆడనే ఉంటది. ఏమైంది, అట్ల నిలవడ్డవ్? నీళ్లు పొంగుతానయ్, పొయ్యి బంద్ చెయ్యి.”

“నిన్న దుకాణం బంద్ అని మీరు వర్ధన్నపేటల పెండ్లిపిల్ల నాయిన సదానందం ఇంటికి పోయిండ్రు గదా, సబ్బులు ఎన్ని కావాలో అడిగొద్దామని.”

“పోయిన. అయితె?”

“అలమరా దుమ్ము దులిపిన. నాకీ జలుబు ఆ దుమ్ముకే. సీసాలన్ని దించి, తుడిచి, సైజు చూసి మల్ల సదిరిన.”

“నిన్నెవరు సదురుమన్నరు?”

“మీరు సంతోషపడ్తరని.”

“ఆడ ఇప్పుడేమున్నది? రెండోది?”

“సదిరేటప్పుడు నా ముక్కు మంచిగనే ఉండె. దాని మూత తీయంగనే మా నాయిన పోయిన రోజు గుర్తుకొచ్చింది.”

“సావిత్రీ.”

“శవం మీద చల్లనీకి కొనుక్కపోతరే, ఆ సెంటు మామయ్యా.”

“సబ్బులు ఏడిదాక పోయినయ్?”

“ఆటో యాకయ్య పన్నెండుకే పట్కపోయిండు. ఈపాటికి వర్ధన్నపేట చేరి ఉంటయి. ఒక్కోటి కవర్ల చుట్టి, పెట్టెకు టేపు ఏసిన. నలుగు మూడింటికి.”

“ఇప్పుడెంతైంది?”

“మూడైతాంది.”

“సదానందంకు ఫోన్ కొట్టు. పెట్టె విప్పొద్దని చెప్పు.”

“ఎందుకంటె ఏం చెప్పాలె?”

“ఏదన్న చెప్పు.”

“ఏం చెప్పినా మల్ల అడుగుతరు. మీ ముక్కు సంగతి చెప్పాల్నా?”

“ఆగు. చెయ్యకు.”

“మామయ్యా, టైం లేదు.”

“చెయ్యి బిడ్డా. చెప్పు. ఉన్నదే చెప్పు.”

“వాళ్లే చేస్తాండ్రు. సదానందం నంబరు.”

“ఎత్తు.”

“హలో. ఆఁ, నేనే. ఆఁ... ఆఁ... జర ఆగుండ్రి, అడుగుత.”

“ఏమంటాండు?”

“పెట్టె విప్పిండ్రట. పెండ్లిపిల్ల నాయనమ్మకు కండ్లు కనపడయట. మొదటి సబ్బు ఆమె చేతిలనే పెట్టిండ్రట.”

“పెడితె?”

“వాసన చూసి ఏడ్సుడు మొదలుపెట్టిందట మామయ్యా. ఇంట్ల ఎవరు పోయిండ్రని అడుగుతాందట.”