పన్నెండు దాకా ఆపిన అర్జి

ఈ సభకు పెద్దగా కూర్చున్న మన సహకార సంఘం అధ్యక్షులు వెంకటరాయప్పగారికి, చింతామణి నుంచి, పేరేసంద్ర నుంచి పనులు మానుకుని బాగేపల్లి దాకా వచ్చిన పెద్దలకు, మా భజన మండలి అక్కచెల్లెళ్ళకు, అందరికంటే ముందు ఈ రోజు ఉద్యోగం నుంచి నివృత్తి పొందుతున్న మన మునినారాయణప్పకు, ఆయన ఇంటావిడకు నా నమస్కారం. నేను జయలక్ష్మమ్మను. మైకు ముందు నిలబడే అలవాటు నాకు లేదు. భజనలో కూడా తాళం వేసేదాన్నే గానీ పాట ఎత్తేదాన్ని కాదు. (నవ్వులు) అధ్యక్షులు గడియారం చూసుకుంటున్నారు. ఎందుకో నాకు తెలుసు. కడకు చెబుతాను.

ఒక పొద్దున సంగతి చెప్పి కూర్చుంటాను.

ఏడేళ్ళ కింద, ఒక శుక్రవారం. ఎప్పటిలాగే నాలుగున్నరకు లేచాను. వాకిలి కడిగి ముగ్గు వేసి, దీపం పెట్టి, స్తోత్రం చదువుకున్నాను. తమ్ముడు పట్టాభిరామ చింతామణి బస్సుకు టైమైందని నిలబడే ఉప్పిట్టు తిన్నాడు. చెల్లెలు అంబుజాక్షి పాఠాలు చెప్పే ప్రైవేటు శాలలో ఆ రోజు పరీక్షలు, సెలవు ఇవ్వలేదు. తలలో పూలు పెట్టుకుంటూనే వచ్చి తన ఫోను, సర్టిఫికెట్ల కవరు నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఈ పొద్దే ఆఖరు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతాది. నీ చేతి మీదుగా కానీ" అంది.

గ్రంథాలయంలో ఉద్యోగానికి అర్జి అది. అమ్మ పోయేనాటికి అంబుజాక్షికి ఆరేళ్ళు. ఆ రోజు నుంచి ఏ మంచి పనైనా నా చేతి మీదుగా జరగాలని దానికొక నమ్మకం. ఆ కవరు పట్టుకుని తొమ్మిదిన్నరకు ఇదే మేడ మీద, మన సంఘం ఆన్‌లైను కౌంటరులో, మునినారాయణప్ప కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఆయన పని తీరు మీకందరికీ తెలిసిందే. ఎవరైనా "వెబ్‌సైటు తెరుచుకోవడం లేదప్పా" అంటూ వస్తే ముందు మిషను ముట్టడు, మనిషిని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడుగుతాడు. "యాడ నిలిచిపోయింది? దానికి ముందు ఏం నొక్కినారు? మళ్ళీ నొక్కినారా?" మూడో ప్రశ్నకు అందరూ లేదనే అంటారు. పేరేసంద్ర మునిశామప్ప కూడా అట్లే అన్నాడు. నవ్వొద్దప్పా, నీ కథే. (నవ్వులు) పంట బీమా అర్జికి బటను తొమ్మిది సార్లు నొక్కి, లేదు, ఒక్కసారే అన్నాడు. "ఒక్కసారికి తొమ్మిది రసీదులు వచ్చినాయంటే నువ్వు పుణ్యాత్ముడివి కదప్పా" అని మునినారాయణప్ప కూర్చుని ఎనిమిదింటిని రద్దు చేశాడు. ఒక్క మాట విసుక్కోలేదు.

ఆ శుక్రవారం నాకు ఏ ప్రశ్నా వేయాల్సిన అవసరం పడలేదు. నాలుగు పేజీలు నింపాడు, ఫోటో, సంతకం ఎక్కించాడు. పదీ ముప్పై అయిదుకు అంతా అయిపోయింది. చివరి బటను ఒక్కటే మిగిలింది. నేను గోడ గడియారం చూశాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం.

"పన్నెండుకు నొక్కుదామప్పా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, ఈ పేజీ ఊరికే పెట్టుకుంటే దానంతట అదే మూసుకుంటాది. నింపిందంతా పోతాది."

"ఎంతసేపు ఉంటాది?"

"చెప్పలేమమ్మా. ఇప్పుడే నొక్కేస్తే మేలు."

"దేవుడుండాడు లే" అన్నాను.

దేవుడు ఉన్నాడు. పేజీ లేదు. పన్నెండూ ఒక నిమిషానికి నొక్కితే, మీ సమయం ముగిసింది, మళ్ళీ మొదటి నుంచి రండి అని వచ్చింది. వెళ్ళబోతే వెబ్‌సైటే తెరుచుకోలేదు. ఆఖరు రోజు, రాష్ట్రమంతా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఐదు గంటలు ఆయన ఏం చేశాడో పక్కనే కూర్చుని చూసినదాన్ని నేను. వేరే వెబ్‌సైటు తెరిచి చూశాడు, తెరుచుకుంది, అంటే మన లైను బాగుందన్నాడు. బ్రౌజరు దాచుకున్న పాత పేజీలన్నీ తుడిచేశాడు. ఇంకో బ్రౌజరులో ప్రయత్నించాడు. రౌటరు ఆపి, వంద లెక్కబెట్టి, మళ్ళీ వేశాడు. రెండో కంప్యూటరు దగ్గరకు మారాడు. చివరికి తన ఫోను నెట్టు కలిపి, ఆ ఫోనును కిటికీ ఊచల మధ్య నిలబెట్టాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తీయలేదు. అమ్మా, నేను అప్పుడే చెప్పలేదా అని ఒక్కసారీ అనలేదు. "చక్రం తిరుగుతాంటే మళ్ళీ నొక్కకూడదమ్మా, క్యూలో మన చోటు పోతాది" అని మాత్రం అన్నాడు. నేను కొంగు చాటున జపమాల తిప్పుతూ కూర్చున్నాను. రెండు చక్రాలూ తిరిగాయి.

మూడూ ముక్కాలుకు తెరుచుకుంది. మళ్ళీ నాలుగు పేజీలు నింపాడు. ఫోటో ఎక్కడానికి అరగంట పట్టింది. ఆఖరున ఫోనుకు రావాల్సిన ఓటీపీ నంబరు ఐదూ రెండుకు వచ్చింది. ఐదింటికే మూసేశారు.

అప్పుడే పట్టాభిరామ మెట్లెక్కి వచ్చాడు. "పొద్దున్నే వచ్చి కూర్చుంటే సాయంత్రానికి గూడా కాలేదా? ఏం చేస్తాండారప్పా మీరు ఈడ?" అని అరిచాడు. నేను సర్టిఫికెట్లు కవరులో సర్దుతూ కూర్చున్నాను. మునినారాయణప్ప ఒకసారి నా ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"స్వామీ, మా లైను సతాయించింది. అమ్మ పొద్దున్నే వచ్చింది. తప్పు మాదే."

ఆ రాత్రి పట్టాభిరామ సంఘానికి కంప్లైంటు రాశాడు. ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల మా చెల్లెలి బతుకు పోయింది అని. అంబుజాక్షి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను దేవుడి గదిలో ఉన్నాను. సంఘం మెమో ఇచ్చింది. కౌంటరు నుంచి తీసి రెండేళ్ళు ఎరువుల గోదాములో లెక్కలకు వేసింది. ఇందులో సంఘం తప్పేమీ లేదు వెంకటరాయప్పగారూ. మీకు చేరిన మాట అది.

ఆ రెండేళ్ళలో ఒకసారి, పోయిన మా ఆయన పింఛను పేజీ తెరుచుకోక, దిక్కు తోచక, నేనే ఆ గోదాముకు పోయాను. సిగ్గు ఎంత ఉన్నా పని దగ్గర నోరు విప్పాల్సిందే కదా. ఆయన యూరియా మూటల మధ్య నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ఫోను తీసుకుని, "యాడ నిలిచిపోయిందమ్మా?" అన్నాడు. ఏమీ జరగనట్టే. ఫోనులో తేదీ తప్పుగా ఉంది. అది సరిచేయగానే తెరుచుకుంది. అప్పుడు అడిగాను.

"ఆ పొద్దు ఎందుకప్పా అట్ల చెప్పినావు?"

"ఆ ఇంటికి అమ్మ పోయినాక మీరే అమ్మ. మీ మాట నిలబడాల కదమ్మా. నాదేముంది, మిషను పక్కన కూర్చునేవానికి తిట్లు అలవాటే" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "చల్లగా ఉంటాది లే ఈడ, ఫ్యాను గూడా అక్కర్లేదు" అని నవ్వాడు.

ఇంటికి వచ్చి చెప్పేద్దామనుకున్నాను. ఆ రోజు ఏకాదశి, రేపు చెబుదామనుకున్నాను. తర్వాత పండగ. తర్వాత ఇంకేదో. చెప్పకుండా ఉండడానికి ప్రతి రోజూ మంచి రోజే. ఏడేళ్ళు గడిచాయి. అంబుజాక్షి ఇప్పటికీ ఆ ప్రైవేటు శాలలోనే పని చేస్తోంది. వీధిలో లైబ్రరీ దాటేటప్పుడు తల తిప్పుకుంటుంది. నేను చూస్తూనే ఉన్నాను.

రాహుకాలం అబద్ధమని చెప్పడానికి లేవలేదు. ఇప్పటికీ నేను చూసుకుంటాను. నా తప్పును ఇంకొకరి తల మీద పెట్టి ఏ దేవుడికి దీపం పెట్టినా వెలుతురు నా దాకా రాలేదు, అంతే.

మునినారాయణప్పా, నీకు శాలువా కప్పారు, దండ వేశారు. మా మండలి తరఫున ఈ వెండి దీపం ఇస్తున్నాము. నీ పుణ్యాన ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో ఎన్ని అర్జులు ఒడ్డు చేరాయో లెక్క లేదు. చేరని ఒక్క అర్జిని నీ మీద వేసుకున్నావు. నువ్వూ నీ ఇంటావిడా చల్లగా ఉండాలి. అమ్మా, ఆ రెండేళ్ళూ ఈయన చొక్కాల ఎరువు వాసన ఉతికింది మీరు. మీకూ చేతులెత్తి మొక్కుతున్నాను. ఇంతసేపు ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు.

ఇంకొక్క మాట. నిన్న సాయంత్రం దీపం పెట్టాక తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. పట్టాభిరామ ముందు తన కంప్లైంటు సంగతే ఎత్తాడు.

"ఆ కంప్లైంటు నా చేత రాయించినావు కదక్కా."

"రాయించలేదురా. రాస్తాంటే ఊరికే కూర్చుంటి."

అంబుజాక్షి ఒక్కటే అడిగింది. "ఈ ఏడేళ్ళలో ఆయప్ప ఒక్కసారైనా నీకు గుర్తు చేసినాడా?" లేదన్నాను. అది లేచి లోపలికి వెళ్ళింది. ఇక నా ముఖం చూడదేమో అనుకున్నాను. తెల్ల కాగితం, పెన్ను తెచ్చి అన్న ముందు పెట్టింది. "రాయి" అంది.

మా ఇల్లు నిన్న తీర్మానం చేసుకుంది. పాత కంప్లైంటు తప్పు, తప్పు మా ఇంటిది, ఆ మెమోను మునినారాయణప్ప సర్వీసు పుస్తకం నుంచి తీసేయండని రాసి, ముగ్గురమూ సంతకం పెట్టి, ఈ సభలోనే అధ్యక్షులకు ఇవ్వాలని. రాయడం అయ్యాక పట్టాభిరామ అలవాటు కొద్దీ పంచాంగం తీశాడు. "ఆదివారం, సభ ఐదుకు. నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆరు దాటినాక ఇస్తాం లే" అన్నాడు. అంబుజాక్షి పంచాంగం వాడి చేతిలోంచి తీసుకుని మూసి పెట్టింది.

"నిండిన కాగితాన్ని మళ్ళీ ఆపుతావా అన్నా? అక్క ఎప్పుడు మాట్లాడితే అప్పుడే, అక్క చేతి మీదుగానే."

ఇప్పుడు ఐదూ ఇరవై, అధ్యక్షులు ఇందాక గడియారంలో చూసుకున్న రాహుకాలమే. వెంకటరాయప్పగారూ, ఇదిగో ఆ కాగితం. తీసుకోండి.

సెలవు.